చెవిమేస్త్రీ, ఫోర్‌వీలు బండీ

అతన్ని అందరూ చెవిమేస్త్రి అనేవారు. ఆ పేరు పెట్టింది క్వారీ లారీల డ్రైవర్లు. బండి ఇంకా రోడ్డు మలుపు తిరగకముందే, షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని టీ ఊదుకుంటూ, "వచ్చేవాడి రెండో గేరు పళ్లు అరిగాయి" అనేవాడు. బండి వచ్చి ఆగేది. డ్రైవరు దిగి నోరు తెరిచేసరికి మేస్త్రి చేతిలో స్పానరు ఉండేది. ఈ విద్య చూడ్డానికని పనీపాటా లేనివాళ్లు కూడా అక్కడ చేరి టీ పందేలు కాసేవారు. మేస్త్రి చెప్పింది తప్పయిన రోజు ఎవరికీ గుర్తులేదు.

అతని పని బస్సు డిపోలో మొదలైంది. మీసం సరిగా రాని వయసులో తీసుకెళ్లి గేరుబాక్సుల సెక్షన్లో పడేశారు. అక్కడి హెడ్ మెకానిక్కుకి కోపం ఎక్కువ, మాట తక్కువ. కొత్తవాళ్లు స్పానరు పట్టుకోగానే చేతి మీద ఒక్కటిచ్చి, "ముందు విను, తర్వాత విప్పు" అనేవాడు. చాలామందికి ఆ దెబ్బలే గుర్తుండిపోయాయి. ఇతను మాటను పట్టుకున్నాడు. డిపో తర్వాత కొన్నేళ్లు క్వారీలో లారీలు చూశాడు. ఆ తర్వాత ఊరి చివర, కొండదారి మొదలయ్యే చోట, సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు. మధ్యలో మనిషి నిలబడేంత లోతున గుంత, గోడకి వరసగా స్పానర్లు, మూలన నూనె డబ్బాలు. కుడిపక్క గాలి కొట్టే షాపు. దాని కంప్రెసరు రోజంతా డబడబమంటూనే ఉండేది. ఎడమపక్క ముందుగదిలో అతని భార్య కుట్టుషాపు. వెనకాల రెండు గదుల్లో కాపురం.

భార్యది వేరే తరహా. చేతికి పని, నోటికి మాట, రెండూ ఒకేసారి నడపగల మనిషి. సంబంధం మాట్లాడ్డానికి వాళ్లింటికి వెళ్లినప్పుడు మేస్త్రి పిల్లవంక చూడకుండా సీలింగు ఫ్యాను వంక చూసి, "బేరింగు పోతోంది, మార్పించండి" అన్నాడట. "నాకు ఆరోజే అర్థం కావాల్సింది" అని ఆమె ఇప్పటికీ కొలతలకి వచ్చినవాళ్లతో చెబుతూ ఉంటుంది. ఒక్కతే కూతురు. పెళ్లయి రెండు ఊళ్ల అవతల ఉంది. వారానికోసారి ఫోను చేస్తుంది.

యాభై దాటాక మేస్త్రికి చెవి తగ్గడం మొదలైంది. ఒక్కసారిగా తలుపు మూసినట్టు కాదు, పక్కింటివాళ్లు రేడియో చప్పుడు రోజుకి కాస్త తగ్గిస్తున్నట్టు. మొదట అతను ఆ నింద ఇంజన్ల మీద వేశాడు. "ఈకాలం బళ్లు నోరులేనివి. పాతవాటికి గొంతుండేది" అన్నాడు. తర్వాత మనుషుల మీద వేశాడు. "అందరూ నోట్లో నోట్లోనే గొణుగుతారేంటి?" అని విసుక్కున్నాడు. కూతురు ఫోను చేస్తే, "చేతులకి గ్రీజు" అని ఫోను భార్యకి ఇచ్చేవాడు. ఆదివారం పూట స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నప్పుడూ గ్రీజే అడ్డొచ్చేది. తనకి వినపడడం లేదని తనతో తను కూడా అనుకోలేదు. అనుకుంటే ఆ పేరు ఏమవుతుంది? చెవిమేస్త్రికి చెవుడంటే నవ్వడానికి ఊరికి ఇంకేం కావాలి?

పనికి లోటు రాలేదు. బళ్ల జబ్బుల్లో సగం చూపుకి దొరుకుతాయి, పావువంతు వాసనకి దొరుకుతాయి. మిగతాది అతను చేత్తో తడిమి పట్టేవాడు. ఇంజను మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. చూసేవాళ్లు అది కూడా విద్యే అనుకున్నారు.

అలాంటి రోజుల్లో బావమరిది పికప్పు బండి తెచ్చాడు.

బావమరిది అంటే భార్య తమ్ముడు. కొండ మీది ఆసుపత్రిలో డ్రైవరు. మనిషి మంచివాడు, కాకపోతే షోకు ఎక్కువ. అద్దంలో తన మొహం, తన బండి రెండూ రోజూ తుడుచుకునేవాడు. ఆసుపత్రికి ఉన్నది ఆ ఒక్క పికప్పే. మందులు, ఆక్సిజన్ సిలిండర్లు, ఒక్కోసారి రోగులు, అన్నీ దాని మీదే ఎక్కాలి, దిగాలి. మామూలు రోడ్డు మీద వెనక చక్రాలతోనే నడుస్తుంది. బురదా, వాగూ, నిట్టనిలువు దారీ వచ్చినప్పుడు డాష్‌బోర్డు మీది గుండ్రటి స్విచ్చి తిప్పితే ముందు చక్రాలకి కూడా బలం అందుతుంది. ఆ బలం పంచే పెట్టెని ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. గేరుబాక్సుకి వెనకాల అతుక్కుని ఉంటుంది. దాని పక్కన చిన్న మోటారు. స్విచ్చి తిప్పగానే మోటారు ఒక్క క్షణం తిరిగి, లోపలి ఫోర్కుని జరుపుతుంది. ఫోర్కు కదిలితే రెండు ఇరుసులూ కలుస్తాయి. డాష్‌బోర్డు మీద పచ్చలైటు నిలకడగా వెలుగుతుంది. పని జరక్కపోతే ఆ లైటు కొట్టుకుంటూ ఉంటుంది.

"లైటు కొట్టుకుంటోంది బావా" అన్నాడు బావమరిది. "ఒక్కోసారి ఫోర్‌వీల్లోకి ఎక్కదు. ఎక్కితే దిగదు. నిన్న కొండ దిగి ఊళ్లోకి వచ్చాక కూడా అందులోనే ఉండిపోయింది. మలుపు తిప్పితే స్టీరింగు మొండికేస్తోంది."

ఈ మాటలు మేస్త్రికి అందాయి. షెడ్డులో ఎదురెదురుగా నిలబడి చెప్పినవి, పైగా బావమరిది గొంతు పెద్దది. బండిని గుంత మీదికి ఎక్కించి, కిందికి దిగి, ట్రాన్స్‌ఫర్ కేసు మీద అరచెయ్యి ఆనించాడు.

"స్విచ్చి తిప్పు!"

బావమరిది తిప్పాడు. "తిరిగిందా బావా? మోటారు చప్పుడు వచ్చిందా?" అని పైనుంచి అరిచాడు.

మేస్త్రికి చప్పుడేమీ రాలేదు. కానీ చేతికి సన్నటి అదురు తగిలింది. డబడబమని పక్కషాపు కంప్రెసరు నేలని అదరగొడుతోందనీ, నేల బండినీ, బండి తన చేతినీ అదరగొడుతోందనీ అతనికి తట్టలేదు. కంప్రెసరు చప్పుడు వినపడే మనిషైతే తట్టేది.

"ఆఁ, తిరుగుతోంది" అన్నాడు. "మోటారు బాగుంది. జబ్బు లోపలుంది."

ఇక తిరుగులేదు. నూనె దింపాడు, పెట్టె దింపాడు, రెండు ముక్కలుగా విప్పి బల్ల మీద పరిచాడు. లోపల ముందు చక్రాలకి బలం మోసే గొలుసు కొంచెం వదులైంది. ఫోర్కు కొసలకి ఉండే మెత్తలు కొంచెం అరిగాయి. అంత నడిచిన బండిలో అవి అలాగే ఉంటాయి. మేస్త్రికి దోషం కావాలి కాబట్టి వాటినే దోషం అనుకున్నాడు. మెత్తలు మార్చి, కొత్త నూనె పోసి, పెట్టె ఎక్కించాడు. మోటారుని కూడా విప్పి మళ్లీ బిగించాల్సి వచ్చింది. ఆ కదలికకో, ఆ కుదుపుకో లోపల బిగుసుకున్నదేదో తాత్కాలికంగా వదిలింది. బండి దింపి స్విచ్చి తిప్పితే లైటు చక్కగా నిలిచింది. మళ్లీ తిప్పితే చక్కగా ఆరింది.

"నీ చెయ్యి పడితే ఎందుకు కాదు బావా!" అన్నాడు బావమరిది.

మేస్త్రి చేతులు తుడుచుకుని టీ తాగాడు.

తర్వాత వర్షాలు పట్టుకున్నాయి. కొండ మీది ఆసుపత్రిలో ఆయాసంతో ఒక ముసలాయన్ని చేర్చారు. ఆక్సిజన్ నిల్వ అడుగంటుతోంది. సిలిండర్లు వేసుకుని బావమరిది కొండెక్కాడు. సగం దారిలో వాగు ఉంది. నీళ్లు మోకాలి లోతే కానీ అవతలి గట్టు జారుడు బంకమన్ను. గట్టు ముందు బండి ఆపి స్విచ్చి తిప్పాడు. లైటు కొట్టుకుంది. ఇంజను ఆపి, మళ్లీ వేసి తిప్పాడు. లైటు కొట్టుకుంటూనే ఉంది. వెనక చక్రాలతోనే ఎక్కిద్దామని గట్టిగా తొక్కితే అవి ఉన్నచోటే గిర్రున తిరిగి, గుంత తవ్వుకుని, ఇరుసు దాకా కూరుకుపోయాయి.

దగ్గర్లో గొర్రెలు కాసేవాళ్లు ఉన్నారు. వాళ్లూ బావమరిదీ కలిసి సిలిండర్లని ఒక్కొక్కటిగా కర్రకి కట్టి భుజాల మీద మోశారు. ముసలాయనకి ఊపిరి అందీ అందకుండా ఉన్న సమయానికి మొదటి సిలిండరు చేరింది. ఆయన బతికాడు. సిలిండరు మోసిన బావమరిది భుజం వాచి, తర్వాత చాలా రోజులు చొక్కా వేసుకోవడానికి కూడా ఇంకొకరి సాయం కావాల్సి వచ్చింది.

వర్షం తెరిపిచ్చాక ట్రాక్టరు తెచ్చి బండిని లాగారు. అదే ట్రాక్టరు దాన్ని షెడ్డు దాకా లాక్కొచ్చింది. బండిలోంచి బావమరిదితో పాటు ఆసుపత్రి డాక్టరమ్మ కూడా దిగింది. నలభై ఏళ్ల మనిషి. చీర కుచ్చెళ్లకి బురద, కళ్ల కింద నిద్రలేని నలుపు. కోపాన్ని దారిపొడుగునా అణచుకుంటూ వచ్చినట్టుంది.

"మేస్త్రిగారూ, మీరు బాగుచేశారనే ధీమాతోనే నేను బండిని వాగు దాటించమన్నాను. మీకు తెలుసా, అక్కడేమైందో?"

మేస్త్రి తల ఊపాడు. బావమరిది ముందే వచ్చి చెప్పి వెళ్లాడు. విన్నప్పటి నుంచి మేస్త్రికి అన్నం సయించడం లేదు.

డాక్టరమ్మ బండివైపు తిరిగి, వంగి కిందికి చూస్తూ అడిగింది. "మోటారు చూశారా?"

"మార్చానమ్మా" అన్నాడు మేస్త్రి. "నూనె కూడా కొత్తదే పోశాను."

"మార్చారా? మోటారు మార్చారా?"

"అవునమ్మా, మార్చాను. మెత్తలు రెండూ మార్చాను."

బావమరిది తెల్లమొహం వేశాడు. డాక్టరమ్మ నిటారుగా నిలబడి మేస్త్రి మొహంలోకి చూసింది. అతని కళ్లు తన కళ్లవైపు కాకుండా తన పెదాలవైపు ఉన్నాయని అప్పుడు గమనించింది. మెల్లగా నడుచుకుంటూ అతని వెనక్కి వెళ్లింది. మామూలు గొంతుతో, "మేస్త్రిగారూ, మీ చొక్కా వెనకాల చిరిగింది" అంది.

మేస్త్రి కదలలేదు. బావమరిది అతని వీపు వంక చూశాడు. చొక్కా బాగానే ఉంది.

కుట్టుషాపు గుమ్మంలోంచి మేస్త్రి భార్య ఇదంతా చూస్తోంది. మెడలో టేపు, చేతిలో కత్తెర. ఆమే ముందుకొచ్చింది.

"రెండేళ్లవుతోంది డాక్టరమ్మా" అంది. "నేను చెబితే ఒప్పుకోరు. షాపులోంచి నేనే అరిచి చెబుతుంటాను, వచ్చినవాళ్లు ఏమన్నారో. ఊళ్లో నాకు గయ్యాళి అని పేరొచ్చింది."

"నువ్వు నాకు చెప్పలేదేంటే అక్కా?" అన్నాడు బావమరిది.

"ఏమని చెప్పనురా? మీ బావకి పిలిస్తే వినపడదని చెప్పనా? ఆయన పేరేంటో నీకు తెలీదా?"

తన గురించే మాట్లాడుకుంటున్నారని మేస్త్రికి అర్థమైంది. ఏం మాట్లాడుకుంటున్నారో కూడా అర్థమైంది. కోపం తెచ్చుకుందామని చూశాడు కానీ రాలేదు. బండి ఇరుసుకి అంటుకున్న వాగు బురద కళ్లెదుట ఉంది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

డాక్టరమ్మ బండిలోంచి తన సంచీ తెచ్చి, రెండు కాళ్ల ఇనప కడ్డీ ఒకటి తీసింది. మోకాలికి కొట్టి మేస్త్రి చెవి పక్కన పెట్టింది. వినిపించలేదన్నట్టు అతను చెయ్యి తిప్పాడు. మళ్లీ కొట్టి, ఈసారి కడ్డీ మొదలుని చెవి వెనక ఎముకకి ఆనించింది. మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. తల లోపల గంట మోగినంత స్పష్టంగా వినిపించింది. అలాంటి శుభ్రమైన చప్పుడు విని ఎన్నాళ్లయిందో. "ఇంకోసారి" అన్నాడు. ఆమె ఇంకోసారి పెట్టింది. రెండో చెవి దగ్గరా అంతే.

డాక్టరమ్మ అతని ఎదురుగా వచ్చి, నిదానంగా, పెదాలు కనిపించేలా చెప్పింది. "లోపల నరం బాగుంది. చప్పుడు బయటినుంచి లోపలికి చేరే దారిలో చిన్న ఎముకలుంటాయి. అవి కదలాలి. అక్కడ పట్టేసినట్టుంది."

మేస్త్రి ఆలోచించాడు. "అంటే మోటారు బాగుంది, మధ్యలో లింకు పట్టేసింది అంటారు."

డాక్టరమ్మకి నవ్వాగలేదు. వచ్చినప్పటి కోపంలో సగం ఆ నవ్వుతో పోయింది. "సరిగ్గా అంతే. చెవి డాక్టరుకి చూపించాలి. ముందు నా బండి సంగతి చూడండి."

మేస్త్రి లేచాడు. గోడకి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకుని గుంతలోకి దిగాడు. దాని కొసని ట్రాన్స్‌ఫర్ కేసు మోటారు మీద నిలిపి, చెక్కపిడిని చెవి వెనక ఎముకకి అదుముకున్నాడు. డిపోలో హెడ్ మెకానిక్కు ఇలా చేయడం చూశాడు కానీ, ఉత్తచెవి చాలినన్నాళ్లూ తనకి ఆ అవసరం రాలేదు.

ముందుగా వినిపించింది కంప్రెసరు. డబడబ, డబడబ. పోయినసారి తన చేతికి తగిలిన అదురు ఏమిటో అప్పుడు తెలిసింది.

"పక్కషాపువాణ్ణి కంప్రెసరు ఆపమని చెప్పండి" అన్నాడు. ఆపారు. "ఇప్పుడు స్విచ్చి తిప్పు."

నిశ్శబ్దం.

"తిప్పావా?"

"తిప్పాను బావా!"

మేస్త్రి భార్యని పిలిచాడు. ఆమె చీర ఎత్తి దోపుకుని, గొణుగుతూ, మొదటిసారిగా ఆ గుంతలోకి దిగింది. "మోటారు తిరగడం లేదంటాను, సరా కాదా నువ్వు విని చెప్పు" అన్నాడు. అలా అడగడం కూడా మొదటిసారే. బావమరిది మళ్లీ స్విచ్చి తిప్పాడు. ఆమె తల వంచి, ఊపిరి బిగబట్టి వింది.

"పైన డాష్‌బోర్డు కింద టిక్కుమంది. ఇక్కడ మాత్రం ఏమీ లేదు."

"అంటే కరెంటు అందించే రిలే స్విచ్చి మాట వింది. మోటారు వినలేదు" అన్నాడు మేస్త్రి. "మధ్యలో వైరు తెగిందా, మోటారే పోయిందా అన్నది చూడాలి."

ఇక్కణ్ణుంచి పని వరసగా సాగింది. మోటారుకి వచ్చే వైర్ల కనెక్టరు ఊడదీసి, అందులో టెస్ట్‌లాంపు పెట్టాడు. స్విచ్చి తిప్పగానే లాంపు వెలిగింది. కరెంటు వస్తోంది, వైరు బాగుంది. కనెక్టరు మళ్లీ తగిలించి, స్విచ్చి తిప్పిస్తూ సుత్తి పిడితో మోటారుని మెల్లగా తట్టాడు. గుర్రుమని ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. ఈసారి అది స్క్రూడ్రైవరులోంచి అతనికీ వినపడింది, గాల్లోంచి అతని భార్యకీ వినపడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మోటారు విప్పి, ఫోర్కుని జరిపే కడ్డీని స్పానరుతో తిప్పి చూశాడు. అది రెండువైపులా హాయిగా తిరిగింది. అంటే పెట్టె లోపల ఏ జబ్బూ లేదు. అప్పుడూ లేదు.

మోటారు మూత తీస్తే బురదనీళ్లు కారాయి. మూత చుట్టూ ఉండే రబ్బరు పగిలి, లోపలికి తేమ చేరి, మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు తుప్పులో ఇరుక్కుపోయి ఉన్నాయి. కుదిపితే ఒక పూట పనిచేస్తుంది, మళ్లీ పట్టేస్తుంది.

మేస్త్రి దాన్ని డాక్టరమ్మకి చూపించాడు. "ముందు ఇది చూడాలి. నేను ఇది బాగుందని చెప్పి, బాగున్నదాన్ని విప్పాను. చప్పుడు విన్నానన్నాను కానీ వినలేదు."

డాక్టరమ్మ, "కొత్త మోటారు ఎప్పుడొస్తుంది?" అని మాత్రం అడిగింది.

మోటారు వచ్చింది. బిగించాడు. స్విచ్చి తిప్పగానే స్క్రూడ్రైవరు పిడిలోంచి చక్కటి గుర్రుమన్న చప్పుడు, దాని వెంటనే టక్కుమన్న దెబ్బ. లైటు నిలిచింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నమ్మకం కుదరడానికి బావమరిది పక్కన మేస్త్రి కూర్చుని, బండిని తారురోడ్డు మీద ఒక చుట్టు తిప్పించాడు. తిరిగొచ్చి ఫోర్‌వీల్లోంచి దించబోతే దిగలేదు. మోటారు గుర్రుమంటోంది, లైటు కొట్టుకుంటోంది. మలుపులో స్టీరింగు మొండికేస్తోంది.

"కొత్త మోటారు కూడా దొంగదేనా బావా?" అన్నాడు బావమరిది.

మేస్త్రి మొదటిరోజు బావమరిది చెప్పిన మాట గుర్తుచేసుకున్నాడు. ఎక్కదు అన్నాడు, ఎక్కితే దిగదు అన్నాడు. తను రెండూ ఒకే జబ్బు అనుకున్నాడు. ఎక్కకపోవడం మోటారు పాపం. మోటారు తిరుగుతున్నా దిగకపోవడం ఇంకెవరి పాపమో. బండి దిగి చుట్టూ తిరిగాడు. వెనక నుంచి చూశాడు, పక్క నుంచి చూశాడు. తర్వాత కుట్టుషాపువైపు చెయ్యూపాడు.

"నీ టేపు తీసుకుని రా."

ఆమె వచ్చింది. "ఎవరికి కొలతలు?"

"దీనికి. ముందు చక్రం చుట్టుకొలత, వెనక చక్రం చుట్టుకొలత."

టేపు ఒక చుట్టుకి చాలలేదు. చాక్‌ముక్కతో గుర్తు పెట్టుకుంటూ, అలవాటు కొద్దీ "ఊపిరి బిగబట్టొద్దు" అని టైరుతో అంటూ కొలిచింది. ముందు రెండూ సమానం. వెనక రెండూ సమానం. వెనకవి ముందువాటికన్నా నాలుగు వేళ్లు ఎక్కువ.

"వెనకది నడుం పెద్దది" అంది ఆమె.

అందరూ బావమరిది వంక చూశారు. బావమరిది కొండ వంక చూశాడు.

"ఒరేయ్" అంది అక్క.

"వాచిన భుజం నొప్పిగా ఉందక్కా" అన్నాడతను.

"టైర్ల సంగతి అడుగుతున్నాను."

కాసేపు నీళ్లు నమిలి చివరికి చెప్పాడు. కొండ మీద రాయి తగిలి వెనక టైర్లు రెండూ కోసుకుపోయాయి. పెద్దబండి నడిపే స్నేహితుడు ఒకడు తన దగ్గరున్న రెండు టైర్లు ఇచ్చాడు. సైజు కొంచెమే తేడా అన్నాడు. వేస్తే బండి వెనకభాగం ఎత్తుగా లేచింది. "చూడ్డానికి బాగుంది బావా. ఠీవిగా ఉంది. అందుకని ఇంక మార్చలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు తిడతావని. ఐనా నీకు తెలీకుండా ఉంటుందా అనుకున్నాను. బండి చప్పుడు వింటేనే అన్నీ చెప్పేస్తావు కదా!"

మేస్త్రికి తిట్టే హక్కు ఉందో లేదో తేలలేదు. అందుకని వివరించాడు. ఫోర్‌వీల్లో ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకదానికొకటి కట్టేసినట్టు తిరుగుతాయి. చిన్న చక్రం అంతే దూరం వెళ్లాలంటే ఎక్కువసార్లు తిరగాలి. బురదలోనైతే ఏదో ఒకటి జారి లెక్క సరిపోతుంది. తారురోడ్డు మీద జారదు. మధ్యలో గొలుసు తాడు మెలిపెట్టినట్టు బిగుసుకుపోతుంది. అంత బిగువులో ఉన్న ఫోర్కుని ఏ మోటారూ లాగలేదు. బావమరిదిని బండి ఎక్కించి, స్టీరింగు తిన్నగా పెట్టి, పక్కనున్న కంకర నేల మీద మెల్లగా వెనక్కి నడపమన్నాడు. కొంతదూరం వెళ్లేసరికి మెలి వదిలింది. టక్కుమంది. లైటు ఆరిపోయింది.

"ఇప్పుడు నాలుగూ ఒకే సైజువి వేయించు" అన్నాడు. "ఠీవి నీ జుట్టులో చూపించుకో."

బండి కొండెక్కింది. ఆ వానాకాలమంతా వాగు దాటుతూనే ఉంది. డాక్టరమ్మ మాత్రం షెడ్డువైపు వచ్చినప్పుడల్లా, "చెవి డాక్టరు దగ్గరికి వెళ్లారా?" అని అడిగేది. రెండుసార్లు వినపడనట్టు నటించాడు. మూడోసారి నటన కుదరలేదు. ఎందుకంటే ఆమె అతని చొక్కా పట్టుకుని అడిగింది.

వెళ్లాడు. ఆపరేషన్ చేస్తే బాగుపడే అవకాశం ఉందని చెవి డాక్టరు అన్నాడు. "లోపలి లింకు విప్పుతారా?" అని అడిగి, అవుననగానే మేస్త్రి చెమటలు తుడుచుకున్నాడు. తన చేతులతో ఎన్ని పెట్టెలు విప్పాడో, అందులో ఎన్ని అనవసరంగా విప్పాడో అతనికి తెలుసు. ఆలోచించుకుని చెబుతానన్నాడు. ఈలోగా వినికిడి మిషను పెట్టి పంపారు.

షెడ్డులో ఆ మిషను పనికిరాలేదు. సుత్తి దెబ్బ పిడుగులా పడేది, కంప్రెసరు వేస్తే ఎవరో తల మీద డప్పు వాయిస్తున్నట్టుండేది. అందుకని పనిలోకి దిగే ముందు దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకుని, స్క్రూడ్రైవరు పట్టుకునేవాడు. బళ్లు తెచ్చినవాళ్లకి మొదటిమాటే, "నాకు చెవుడు, ఎదురుగా వచ్చి గట్టిగా చెప్పు" అనేవాడు. ఊరు నవ్వుతుందనుకున్నాడు. కొన్నాళ్లు నవ్వింది కూడా. ఒక లారీ డ్రైవరైతే చెవిమేస్త్రి కాదు, ఎముకమేస్త్రి అన్నాడు. ఆ పేరు నిలవలేదు. పలకడానికి బాగోలేదని మానేశారు.

మిషను పెట్టుకుని మొదటిసారి ఇంట్లో కూర్చున్న సాయంత్రం కూతురు ఫోను చేసింది. భార్య అలవాటుగా చెయ్యి చాపింది. మేస్త్రి ఫోను ఇవ్వలేదు. "చెప్పమ్మా" అన్నాడు. అటువైపు నుంచి కూతురు, "నాన్నా, చేతులకి గ్రీజు లేదా?" అంది. లేదన్నాడు. ఇద్దరూ వానల గురించి, ఆమె ఇంటి గోడకి పట్టిన చెమ్మ గురించి మాట్లాడుకున్నారు. పెద్ద విషయాలేమీ లేవు.

ఫోను పెట్టేశాక ముందుగదిలోంచి కుట్టుమిషను చప్పుడు వినపడింది. మేస్త్రి లేచి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. చాలాసేపు విన్నాడు.

"దీని కింది బేరింగు పోయింది. ఎన్నాళ్ల నుంచి ఇలా తొక్కుతున్నావు?"

"అది మొదలై ఏడాది దాటింది" అంది భార్య, కుడుతూనే. "మీకు చెబుదామనుకున్నాను. వినపడితే మీరే అంటారులే అని ఊరుకున్నాను."

మర్నాడు మేస్త్రి కుట్టుమిషనుని షెడ్డులోకి మోసుకెళ్లి, ముందు స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు, తర్వాత విప్పాడు. బేరింగే పోయింది. అలాంటిది ఆ ఊళ్లో దొరక్క బావమరిదికి పురమాయించాల్సి వచ్చింది. అతను తెచ్చేదాకా ఆమె బట్టలు కుట్టే పని ఆగిపోయింది. అన్ని రోజులూ ఆమె షెడ్డులో స్టూలు మీద కూర్చుని, వచ్చిన ప్రతి డ్రైవరుతోనూ మాట్లాడింది.